దీపము క్రింది చీకటి

ధ్యానభాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 30 నుండి 37 వరకు



మా గిలకలదిండిలో పడవ కొనువాడు రంగు చూచి కొనడు. పడవ గట్టుకు చేరినప్పుడు వంగి అడుగుబల్ల చూచును. వ్రేళ్లతో కొట్టి చప్పుడు వినును. అతుకుల దగ్గర తడి యున్నదేమో తడవి చూచును. దానిని ఇదివరకు నడిపినవానిని ప్రక్కకు పిలిచి, గాలివాన దినమున అది ఎట్లు నిలిచెనని అడుగును. కన్నబిడ్డలు ఎక్కవలసిన పడవ గనుక అంత జాగ్రత్త. అయితే బాగుకాని జబ్బుతో నున్న తల్లినో తండ్రినో కడవరి దినములలో ఒక పరిచర్య గృహమునకు అప్పగించవలసి వచ్చినప్పుడు, ఆ మనుష్యులమే రంగు చూచి వచ్చుచున్నాము. సున్నము కొట్టిన గోడ, గుమ్మము మీద ఒక వాక్యము, మెత్తగా మాటలాడు మేనేజరు, ఇవి చాలుననుకొని సంతకము పెట్టుచున్నాము.

కొంతకాలము క్రిందట మా పేటలోని ఒక పెద్దమ్మకు నోటిలో పుండు ముదిరెను. పెద్ద ఆసుపత్రివారు ఇక చేయదగినది లేదు, ఇంటికి తీసికొనిపొండని చెప్పిరి. ఆ మాట ఎన్నడును విననివారు మన పల్లెలలో ఎందరున్నారు? ఆమె కుమారుడు రెండు చోట్ల పేర్లు ఒక కాగితము మీద వ్రాసికొని మా యొద్దకు వచ్చి, వీటిలో ఏది మంచిదో తెలియుట ఎట్లు అయ్యగారూ అని అడిగెను. మాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత మాకు జ్ఞాపకము వచ్చినది ఫ్లోరెన్సు నైటింగేలు. చేత దీపము పట్టుకొని రోగుల మంచముల మధ్య నిలిచిన ఆమె బొమ్మను బడి పుస్తకములలో మనమందరము చూచినవారమే. కాని ఆ దీపము క్రింది చీకటిని తానే వంగి చూచినదని చాలమందికి తెలియదు. అందువలన ఈ నెల ఆమె జీవితమును చెప్పుకొందము.

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లోరెన్సు పట్టణములో పుట్టెను. ఆ ఊరి పేరే బిడ్డకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లాండు దేశపు ధనవంతులు. తండ్రి తానే కూర్చుండి ఆమెకు గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. లెక్కలు నేర్చుకొందునని మాత్రము ఆమెయే పట్టుబట్టెను. ఆడపిల్లకు లెక్కలెందుకని ఇంట్లో అనకపోలేదు. ఈ లెక్కల సంగతి చదువరులు మనసులో ఉంచుకొనవలెను, ముందు పనికివచ్చును.

1837 ఫిబ్రవరి 7వ తేదీన దేవుడు తన్ను తన సేవకు పిలిచెనని ఆమె వ్రాసికొనెను. అప్పటికి పదియారేండ్లు. ఏ సేవకో ఆమెకును తెలియదు. కొన్ని సంవత్సరములకు అది రోగుల పరిచర్యయని నిశ్చయము కలిగెను గాని, ఆ కాలమున ఆసుపత్రి పని పరువుగల ఇంటి పిల్లలు చేయు పని కాదు. నర్సులనగా త్రాగుబోతులను పేరుండెను. తల్లియు అక్కయు ఏడ్చిరి, అలిగిరి, జబ్బుపడిరి. మన పల్లెలలో మొదట నర్సు చదువుకు పోయిన ఆడపిల్లలను గూర్చి ఇరుగుపొరుగువారు ఏమేమి అనిరో పెద్దలకు జ్ఞాపకముండును. ధనవంతుల ఇంటను అదే మాట. మంచి పెండ్లి సంబంధము వచ్చినను ఆమె కాదనెను. చివరకు 1851లో, ముప్పదియొక యేండ్ల వయసున, జర్మనీ దేశమందు కైసర్‌వెర్తు అను ఊరిలో ఫ్లీడ్నరు అను బోధకుడు నడుపుచున్న డీకనెస్సుల ఆసుపత్రిలో మూడు నెలలు పని నేర్చుకొనెను. తెల్లవారక మునుపే లేచుట, అంబలివంటి ఆహారము, రోగుల మలమూత్రములు ఎత్తుట. అక్కడ తాను సుఖముగా నున్నానని ఇంటికి జాబు వ్రాసెను.

1853 ఆగస్టులో లండను నగరమందు హార్లీ వీధిలో జబ్బుపడిన స్త్రీల కొరకైన ఒక చిన్న గృహమునకు ఆమె అధికారిణి అయ్యెను. అక్కడికి వచ్చువారు చాలమట్టుకు ధనవంతుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పి, ముసలితనమున దిక్కులేక మిగిలిన స్త్రీలు. బాగుపడనివారును వారిలో ఉండిరి. ఈ ఇంటిని గూర్చి బడి పుస్తకములలో ఒక పంక్తికంటె ఎక్కువ యుండదు. మాకు మాత్రము ఇదియే ముఖ్యమని తోచుచున్నది.

ఆమె అక్కడ చేసిన మొదటి పనులేవి? వేడినీళ్లు ప్రతి అంతస్తునకు గొట్టము ద్వారా ఎక్కునట్లు చేయించెను. నర్సులు పళ్లెములు పట్టుకొని మెట్లు ఎక్కి దిగుటలోనే కాలము పోగొట్టకుండ, భోజనము త్రాటితో పైకి వచ్చు ఏర్పాటు అడిగెను. ప్రతి మంచము దగ్గర ఒక గంట. రోగి గంట లాగినయెడల అది ఆ అంతస్తు నర్సు గది గుమ్మము దగ్గర మ్రోగవలెను. అంతే కాదు, ఏ గంట మ్రోగెనో దాని చిన్న మూత తెరచుకొని అట్లే నిలిచియుండవలెను. నర్సు ఆ క్షణమున అక్కడ లేకపోయినను, తిరిగి వచ్చినప్పుడు ఎవరు పిలిచిరో చూచుకొనును. నేను వినలేదను మాటకు చోటు లేదు. రోగిమీద ప్రేమ యున్నదని నోటితో చెప్పుట సులభము. ఆ ప్రేమకు ఒక గంటయు ఒక త్రాడును కట్టినది ఈమె.

అక్కడి కమిటీవారు మన సంఘపు స్త్రీలను మాత్రమే చేర్చుకొందుమనిరి. ఆమె ఒప్పుకొనలేదు. రోమను కతోలికులైనను యూదులైనను చేర్చుకొనవలెను, చనిపోవుచున్న స్త్రీ తన బోధకుని పిలిపించుకొనదలచిన యెడల రానియ్యవలెను, లేనియెడల ఈ పని నాకు వద్దని చెప్పి గెలిచెను. మంచము మీదనున్న మనుష్యుని బలహీనతను చూచుకొని అతని మనస్సాక్షిని లాగుకొనరాదని ఆమె ఎరుగును. మన సంఘములవారు నడుపు గృహములలో కూడ ఈ సంగతి అడిగి తెలిసికొనదగినదే.

ఇక క్రిమియా యుద్ధము. 1854 నవంబరు 4వ తేదీన ఆమె ముప్పదియెనిమిదిమంది నర్సులతో తురకదేశమందలి స్కుటారి చేరెను. అది ఆసుపత్రి కొరకు కట్టినది కాదు, సిపాయిల బారకాసు. నడవలలో మైళ్ల పొడవున పడకలు. పడకలు చాలక నేలమీద పడియున్నవారు. చొక్కా లేదు, సబ్బు లేదు, చెంచా లేదు. ఆమె బట్టలు ఉదుకు ఇల్లు పెట్టించెను, వంటలు సరిచేయించెను, తన డబ్బుతోను చందా డబ్బుతోను సామాను కొనిపించెను. రాత్రి పొద్దుపోయిన తరువాత దీపము పట్టుకొని ఒంటరిగా తిరుగుచుండెను. చనిపోవువారి ప్రక్కన కూర్చుండెను. వారి తల్లులకు, భార్యలకు తన చేతితో జాబులు వ్రాసెను. ఇంగ్లాండులో ఆమె పేరు ఇంటింటను మారుమ్రోగెను. పాటలు కట్టిరి, బొమ్మలు అమ్మిరి.

అయినను చావులు తగ్గలేదు. ఆమె వచ్చిన తరువాత పెరిగెను. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో నూటికి సుమారు నలువదిరెండుగురు చనిపోవుచుండిరి. ఆ మార్చిలో ఇంగ్లాండు నుండి డాక్టరు సదర్లాండును, ఇంజనీరు రాలిన్సనును మరికొందరును వచ్చి భవనము అడుగున చూచిరి. మురుగు కాలువలు పూడి, భవనము ఆ మురుగు మీదనే నిలిచియున్నది. నీళ్లు వచ్చు కాలువలో గుఱ్ఱపు కళేబరము పడియున్నది. వారు చెత్త బండ్లకెత్తించి, కాలువలు కడిగించి, గోడలకు సున్నము వేయించి, గాలి వచ్చునట్లు చేసిరి. కొద్ది నెలలలోనే చావులు నూటికి రెండు మూడుకు దిగెను.

యుద్ధము ముగిసి 1856 ఆగస్టులో ఆమె ఎవరికిని తెలియకుండ ఇల్లు చేరెను. సన్మానములు వద్దనెను. చనిపోయిన వేలమంది ఆమె కన్నులయెదుట నుండిరి. వారు ఆకలికిని చలికిని నలిగి చావుబ్రతుకులలో వచ్చిరి గనుక చనిపోయిరని అప్పటివరకు ఆమె తలంపు. 1857లో విలియము ఫారు అను లెక్కల పండితునితో కలిసి కూర్చుండి ఒక్కొక్క ఆసుపత్రి లెక్క తీసెను. చిన్ననాడు పట్టుబట్టి నేర్చిన లెక్కలు ఇప్పుడు ఆమెకే ఎదురు నిలిచెను. దండు దగ్గరనున్న చిన్న ఆసుపత్రులకంటె తన స్కుటారిలోనే చావులు ఎక్కువ. జబ్బుతో వచ్చినవారిని ఆ భవనమే చంపినది. తాను దీపము పట్టి తిరిగిన ఆ నడవలలోనే, ఆ దీపము క్రిందనే.

ఇక్కడ మేము కొంచెము ఆగుచున్నాము. దేశమంతయు పొగడుచున్నప్పుడు ఆ లెక్కను పెట్టెలో దాచిపెట్టుట ఎంత సులభము! ఎవరు అడిగెదరు? ఆమె దాచలేదు. రంగులు వేసిన పటముగా గీయించి, చదువనేరని మంత్రికి కూడ తెలియునట్లు చేసి, ఎన్నివేలమంది ఊరక చనిపోయిరో అధికారులయెదుట పెట్టెను. ఆమెకు ఆరోగ్యము చెడి చాల సంవత్సరములు మంచము పట్టినది కూడ ఆ కాలముననే. మంచము మీదనుండియే పని చేసెను. పరిచర్య గృహమును చూడబోవువారు అక్కడ జరిగిన పొరపాటు ఒకటి చెప్పుడని అడిగి చూడవలెనని మేమనుకొందుము. ఒక్కటియు లేదనువాడు లెక్క చూడనివాడు.

ఆసుపత్రులను గూర్చి ఆమె ఒక పుస్తకము వ్రాసెను. 1863లో దానిని పెంచి మరల అచ్చువేసెను. అన్ని ఆసుపత్రులు ఒకే తీరున లెక్కలు వ్రాయవలెనని అందులో వాదించెను. చావుల లెక్క ఒక్కటే చూచిన మోసపోవుదుమని కూడ ఆమెకు తెలియును. బాగుకాని రోగులను ఒక ఆసుపత్రివారు పంపివేయగా, వారు వేరొక ఆసుపత్రిలో చేరి ఒకటి రెండు దినములలో చనిపోవుట, మొదటి ఆసుపత్రి లెక్క శుభ్రముగా కనబడుట, ఇది తాను చూచితినని వ్రాసెను. నూట అరువది యేండ్ల క్రిందటి మాట! మా పేట పెద్దమ్మను ఇంటికి తీసికొనిపొండని పంపినప్పుడు ఈ మాటయే మాకు తోచెను. పంపినవారిది తప్పని మేము చెప్పుట లేదు, బాగుచేయలేని జబ్బులున్నవి. కాని పంపినతరువాత ఎక్కడికి, ఎవరి చేతికి, నొప్పికి ఏ మందు, అని చెప్పకుండ పంపుట లెక్క దిద్దుకొనుటయే గాని వైద్యము కాదు.

1859లో పరిచర్యను గూర్చి ఆమె వ్రాసిన చిన్న పుస్తకము ఇంటి ఆడవారి కొరకు వ్రాసినది. అందులో రెండు సంగతులు మాకు మరపురావు. ఒకటి, రోగియొద్దకు వచ్చి త్వరలో లేచి తిరుగుదువులే అని ఊరక ధైర్యము చెప్పువారిని గూర్చినది. తన స్థితి తెలిసిన రోగికి ఆ మాటలు బరువేగాని ఊరట కాదని ఆమె చెప్పెను. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక నేలమీద కూర్చున్నంతవరకు మంచివారే, నోరు తెరచిన తరువాతనే చెడిరి. ఇది మన సంఘపు సందర్శకులకును తగులును, మాకును తగులును. రెండవది, నీవున్నప్పుడు జరుగునది నీవు లేనప్పుడును జరుగునట్లు చేయలేకపోయిన యెడల నీ మంచితనము రోగికి చాలదని ఆమె బోధ. ఎంత మంచి నర్సైనను నిద్రపోవును, ఊరికి పోవును. ఆ సమయమున రోగికి నీళ్లు ఎవరు ఇత్తురు? ఎవరికి అప్పగించిరి? అది వ్రాసియున్నదా?

1860లో లండనులోని సెయింటు తామసు ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల బడి మొదలయ్యెను. 1865లో ఆ బడిలో చదివిన యాగ్నెసు జోన్సు అను ఐర్లాండు యువతిని లివర్‌పూలు నగరపు బీదల గృహమునకు పంపిరి. అది వెయ్యికి పైగా బీద రోగులు పడియుండి చనిపోవు చోటు. బీదవాడు జబ్బుపడిన తరువాత బీదవాడని చూడరాదు, బాధపడుచున్న తోటి మనుష్యుడని చూడవలెనని నైటింగేలు పట్టుదల. యాగ్నెసు మూడేండ్లు పని చేసి 1868లో అక్కడనే విషజ్వరము తగిలి చనిపోయెను. వయసు ముప్పదియైదు.

ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు గాని, మన దేశమును గూర్చి నలువది యేండ్లు వ్రాసెను. మొదట సిపాయిల ఆరోగ్యము, తరువాత పల్లెల మురుగు, త్రాగునీరు, రైతుల కరువులు. గోదావరి ఆనకట్ట కట్టిన కాటను దొర చెప్పిన కాలువల వాదమును ఆమె బలపరచెను. స్కుటారిలో మురుగు కాలువలు కడిగిన 1855లోనే బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట ముగిసినది. మన కాలువ గట్టున నిలిచినప్పుడు మాకు ఈ రెండు కాలువలును కలిసియే జ్ఞాపకము వచ్చును.

ఆమె పేరుగల ఆ బడిలోనే, రెండవ ప్రపంచయుద్ధ కాలమున, సిసిలీ సాండర్సు అను యువతి నర్సు చదువు చదివెను. నడుమునొప్పి వలన ఆ పని విడువవలసి వచ్చి, చనిపోవువారి నొప్పికి మందు కనుగొనవలెనని మరల చదివి 1957లో డాక్టరయ్యెను. 1967లో లండనులో సెయింటు క్రిస్టఫరు గృహము తెరచెను. బాగుకానివారి గృహములకు నేడు లోకమంతట మాదిరి అదియే. ఆమె నేర్పిన ముఖ్యమైన సంగతి సులభమైనది. నొప్పి లేచి రోగి కేకలు వేయువరకు కాచుకొని మందు ఇయ్యరాదు, గడియారము చూచి నొప్పి తిరిగి లేవకమునుపే ఇయ్యవలెను. అప్పుడు తక్కువ మందుతోనే రోగి తెలివిగా నుండి, బిడ్డలతో మాటలాడి, ప్రార్థన చేసికొనగలడు. శరీరపు నొప్పితో కూడ భయము, అప్పు, బిడ్డల చింత, దేవునితో తగవు, ఇవన్నియు నొప్పియేనని ఆమె చెప్పెను. 2005లో ఆ గృహములోనే కన్ను మూసెను. మన దేశమున మార్ఫీను మందునకు 1985 నాటి చట్టము వలన చాల అడ్డంకులుండి, 2014లో కొంత సడలెను. కేరళలో కాలికట్టువారు 1993 నుండి ఈ పరిచర్యను ఇండ్ల వరకు తీసికొనిపోయిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలోను ఇట్టి విభాగమున్నది.

పెద్దమ్మ కుమారునితో కలిసి మేము ఆ రెండు చోట్లకును పోయితిమి. మొదటి చోట గోడలు అద్దమువలె నుండెను. నొప్పికి మందు ఎప్పుడు ఇత్తురని అడిగితిమి. బాగా ఏడ్చినప్పుడు ఇత్తుమనిరి. మార్ఫీను ఇచ్చు డాక్టరు వచ్చునా అని అడుగగా, అటువంటివి అలవాటు పడుదురు, వద్దనిరి. రెండవ చోట గోడ పెచ్చులూడియున్నది. ఒక నర్సమ్మ పుస్తకము తెరచి ప్రతి రోగికి ఏ గంటకు ఏ మందో, ఎవరు ఇచ్చిరో చూపెను. వీపున పుండ్లు పడకుండ గంటల లెక్కన ప్రక్కకు తిప్పుటయు వ్రాసియుండెను. రాత్రి ఎందరుందురని అడుగగా, ఇద్దరము, పోయిన నెల ఒక రాత్రి ఒక్కతెనే యుంటిని, ఆ రాత్రి ఒకరికి మందు ఆలస్యమైనదని దాచకుండ చెప్పెను. కుమారుడు ప్రక్కన పడుకొనవచ్చునా అనగా చాప చూపెను.

అంతటితో మేము నమ్మలేదు. సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, గాయపడినవానిని అప్పగించిన సంగతి మీరెరుగుదురు. అతడు మంచివాడో కాడో సమరయునికి ఎట్లు తెలియును? అందుకే తిరిగి వచ్చెదనని చెప్పి పోయెను. ఆ మాటను మనము డబ్బు చెల్లించుట కొరకు మాత్రమే యనుకొందుము. గాయపడినవాని కొరకు కూడనని మాకు తోచుచున్నది. తిరిగి వచ్చువాడు ఒకడున్నాడని తెలిసిన పూటకూళ్లవాడు రాత్రివేళ ఆ గదిలోనికి ఒకసారి ఎక్కువ తొంగిచూచును. మేమును చెప్పకుండ నాలుగవ దినము రాత్రి తొమ్మిది గంటలకు ఆ రెండవ ఇంటికి పోయితిమి. చివరి మంచము మీద ఒక ముసలాయన చేయి ఎత్తెను. మేము లోపలికి పోవులోగానే నర్సమ్మ ఆయన దగ్గర నుండెను.

పెద్దమ్మ అక్కడ ఇరువది దినములకు పైగా నుండెను. చేపల పులుసు వాసన చూచెదనని అడిగెనట. తినలేదు గాని, తెచ్చి ప్రక్కన పెట్టిరి. కుమారుడు చాపమీద నుండగా తెల్లవారుజామున నిద్రలో పోయెను. సంఘస్త్రీలు ఇప్పుడు వంతులు వేసికొని నెలకొకసారి, దినము చెప్పకుండ, ఆ ఇంటికి పోయి వచ్చుచున్నారు.

నైటింగేలమ్మ మాత్రము చివరకు తానే ఇతరుల పరిచర్య పొందవలసినదాయెను. చూపు పోయెను, జ్ఞాపకము తగ్గెను. 1907లో రాజుగారు గొప్ప బిరుదు పంపినప్పుడు ఆమెకు బాగుగా తెలియను కూడ లేదందురు. 1910 ఆగస్టు 13వ తేదీన, తొంబదియవ యేట, లండనులోని తన ఇంట నిద్రలో కన్ను మూసెను. రాజుల సమాధులున్న పెద్ద దేవాలయములో పాతిపెట్టుదుమనగా బంధువులు ఆమె కోరిక ప్రకారము వద్దనిరి. ఈస్టు వెల్లో అను పల్లెలో, తలిదండ్రుల ప్రక్కన ఉంచిరి. ఆ రాతిమీద పేరు లేదు. పేరులోని రెండు మొదటి అక్షరములును, పుట్టిన తేదీయు, చనిపోయిన తేదీయు మాత్రమే యున్నవి.